దోనా నల్వా నంబరు

కాజా అమరేలా సంతవీధిలో మందుల షాపుకు సరిగ్గా ఎదురుగా నాది తాళంచెవుల బడ్డీ. ఇరవై రెండేళ్ళుగా అక్కడే కూర్చుని ఇనుము అరగదీస్తున్నాను. వీధిలో అందరూ నన్ను సెవు ఒతాసియో అంటారు, అంటే ఒతాసియోగారని. ఈ రెసీఫె నగరంలో ఎవరి తలుపు ఎవరి చేతిలో ఉందో నాకు తెలిసినంత పోలీసులకు తెలియదు. అందుకే దోనా నల్వా గురించి ఈ నాలుగు ముక్కలూ నేనే చెప్పాలి.

దోనా అంటే అమ్మగారు అన్నట్టు; ఆమె అసలు పేరు లిండినాల్వా. ఆ పేరుతో పిలిచేది బ్యాంకువాళ్ళొక్కరే. పొట్టి మనిషి, పెద్ద గొంతు. పదహారేళ్ళు ఆ మందుల షాపు కౌంటర్లో నిలబడింది. ముందు అది ఒక ముసలాయన సొంత షాపు. తర్వాత దక్షిణాది నుంచి వచ్చిన పెద్ద కంపెనీ కొనేసింది. గాజు తలుపులు వచ్చాయి, చల్లటి గాలి వచ్చింది, దానితోపాటు నంబరు అడగడమూ వచ్చింది.

సీపీఎఫ్ అంటే పుట్టిన ప్రతివాడికీ ప్రభుత్వం తగిలించే పదకొండంకెల నంబరు. అది చెబితే మందు ధర సగానికి పడిపోతుంది. చెప్పకపోతే చుక్కలు కనిపిస్తాయి. దగ్గు మందుకూ నంబరే, దువ్వెనకూ నంబరే. మనవాళ్ళకు బేరమంటే ప్రాణం కదా! అడగడమే తడవుగా గడగడా అప్పజెప్పేస్తారు. ఇంటిల్లిపాదీ ఒక్క నంబరే వాడే ఇళ్ళు కోకొల్లలు. రాయితీ అంతా ఒకచోట పోగవుతుందని ఆశ.

ఆ ఆశే రయానీ కొంప ముంచింది. పాస్టరుగారి కూతురు, పందొమ్మిదేళ్ళ పిల్ల. ఒక మధ్యాహ్నం గర్భం పరీక్ష చేసుకునే డబ్బా కొనడానికి వచ్చింది. "సీపీఎఫ్?" అని నల్వా అడిగింది. పిల్ల కంగారులో చిన్నప్పటి నుంచి చెప్పే నంబరే చెప్పింది. అది నాన్న నంబరు. ఆమె ఇల్లు చేరేసరికే నాన్న ఫోనులో కంపెనీవాళ్ళ సందేశం మోగింది: కొన్నందుకు ధన్యవాదాలు, వస్తువు పేరు, ఆ కిందనే పసిపిల్లల డయపర్ల మీద రాయితీ. సాయంత్రానికి పిల్ల జుట్టు కత్తిరించేశారు. మర్నాడు ఎక్కడో దూరాన ఎండు నేలల్లో ఉన్న పెద్దమ్మ ఇంటికి బస్సెక్కించారు. పరీక్షలో ఏమీ లేదని తర్వాత తెలిసింది. అంత రాద్ధాంతం ఏమీ లేనిదానికి!

ఆ వారం నల్వా నా బడ్డీ ముందు స్టూలు మీద కూలబడింది.

"నేనే అడిగాను సెవు ఒతాసియో. ఆ పిల్ల మొహం చూస్తూ అడిగాను."

"మీకు అడగమని చెప్పారు కాబట్టి అడిగారు, దోనా నల్వా."

"అడగమన్నోళ్ళు ఆ పిల్ల మొహం చూళ్ళేదు కదా. చూసింది నేను."

ఆ తర్వాత ఆమె పద్ధతి మార్చింది. ముందు డబ్బా చూస్తుంది, తర్వాత మనిషి కళ్ళు చూస్తుంది. కళ్ళు నేలకు వాలితే ఇక అడగదు. తన నంబరే టకటకా కొట్టేస్తుంది. రాయితీ వాళ్ళకు, రోగం ఆమెకు. వారసులకు తెలియకూడదనుకునే ముసలాయన గుండె మందు, పెళ్ళి కుదిరిన కుర్రాడి బట్టతల నూనె, ఎవరెవరివో పరీక్ష డబ్బాలు, అన్నీ ఆమె ఖాతాలోకే పోయాయి.

నా వంతూ వచ్చింది. అరవై ఆరో ఏట మగవాడికి వచ్చే తంటా నాకూ వచ్చింది. ప్రోస్టేట్. నా నంబరేమో మా అల్లుడి ఫోనుకు కట్టి ఉంది. అల్లుడికి తెలిస్తే డామినో ఆడే గుంపు మొత్తానికి తెలిసినట్టే. ఇక వాళ్ళు నన్ను బతకనివ్వరు. డాక్టరు చీటీ మడిచి కౌంటర్ మీద పెట్టి నీళ్ళు నమిలాను.

"నోట్లో చూయింగ్ గమ్మా, మాటా?" అంది నల్వా. చీటీ విప్పి చూసి, ఇక మాట్లాడకుండా తన నంబరు కొట్టింది. ప్రతి నెలా అంతే. ఏడాదిన్నర పాటు.

దాంతో ఆమె ఫోనుకు పూనకం పట్టింది. ఒకరోజు పడీపడీ నవ్వుతూ నా దగ్గరికి తెచ్చి చూపించింది.

"చూడండి, నాకు కవలలంట!"

"యాభై ఎనిమిదో ఏటా?"

"బట్టతల కూడానంట. పాపం ఆ బిడ్డలకి అమ్మ జుట్టు పట్టుకు లాగే యోగం లేదు. ఇదిగో, అంత్యక్రియలకి కూడా వాయిదాల పథకం పంపారు. పురుడూ చావూ ఒకేసారి కానిచ్చేద్దామని."

నాకు నవ్వు వచ్చినా భయం కూడా వేసింది. "మీ గురించి అన్నీ తప్పుగా రాసుకుంటున్నారే!" అన్నాను.

"నా గురించి తప్పు రాసుకుంటే నాకేం పోయింది? ఈ వీధి గురించి నిజం రాసుకుంటే, అదండీ నాకు దడ."

ఆ జూన్‌లో, పండగ కోసం సంతంతా మొక్కజొన్న కండెల గుట్టలతో, రంగు కాగితాల తోరణాలతో నిండి ఉండగా కంపెనీ నుంచి తనిఖీ చేసేవాడు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పలక లాంటి ఫోను. వెనక గదిలో అట్టపెట్టెలు కిక్కిరిసి ఉన్నాయని కౌంటర్ దగ్గరే విచారణ మొదలెట్టాడు. వరుసలో ఆరేడుగురం ఉన్నాం. నేను మూడోవాణ్ణి. జేబులో ఆ నెల చీటీ ఉంది.

"దోనా లిండినాల్వా, ఏడాదిలో మీ నంబరు మీద నాలుగు వందల పైచిలుకు కొనుగోళ్ళున్నాయి. ఎవరికోసం కొట్టారు?"

"నాకోసమే."

"పేర్లు చెప్పండమ్మా. తెలియక చేశారని రాస్తాను. ఉద్యోగం ఉంటుంది. పింఛనుకు ఇంకా మూడేళ్ళేగా మీకు?"

"మూడేళ్ళే. మందులన్నీ నావే."

"గర్భం పరీక్షలు పదకొండూ?"

"ఆశ చావలేదు నాయనా."

వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"మరి ప్రోస్టేట్ మాత్రలు?"

ఈసారి అందరూ ఘొల్లున నవ్వారు. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకున్నాను. ఒక్క మాటతో ఆమె మీది బరువులో కొంతైనా దిగుతుంది. నోరు తెరిచాను కూడా. ఆమె గిర్రున నావైపు తిరిగింది.

"సెవు ఒతాసియో, అట్టా గుడ్లప్పగించి నిలబడతారేంటి? ఇదిగో మీ తలనొప్పి మాత్ర, తీసుకుని దారి వదలండి!"

నేను తలనొప్పి మాత్ర అడగనే లేదు. అయినా తీసుకున్నాను. దారి వదిలాను. నాలుగు గంటలకు ఆమె తెల్లకోటు సంచిలో కుక్కుకుని బయటికి వచ్చింది, నా బడ్డీ వైపు చూడకుండా బస్టాపుకు వెళ్ళిపోయింది.

ఆదివారం కొండమీద ఆమె ఇంటికి మెట్లెక్కి వెళ్ళాను. పొయ్యి మీద మొక్కజొన్న రవ్వ కుస్కుస్ ఉడుకుతోంది. నన్ను చూసి కుర్చీ మీది బట్టలు తీసింది.

"నన్ను తిట్టండి దోనా నల్వా. మాత్రలు నావని చెప్పలేకపోయాను. చెప్పి ఉంటే..."

"చెప్పి ఉంటే మొత్తం మునిగేది. ఒక్క మందు నాది కాదని తేలిందా, మిగతావి ఎవరివని ఒక్కోటీ తవ్వుతాడు వాడు. ఆ వరుసలో నా ఖాతా తాలూకు మనుషులు మీరొక్కరే అనుకున్నారా? పరీక్ష డబ్బాలు కొన్న పిల్లల తండ్రులు లేరనుకున్నారా?"

ఆమె పొయ్యి మీది కుస్కుస్ దించి పళ్ళెంలోకి తీసింది.

"మీరు నోరు మూసుకోబట్టి పిల్లలు బతికిపోయారు. అంతే. ఇంక దాని గురించి ఎత్తమాకండి," అంటూ పళ్ళెం నా ముందు పెట్టింది. "తినండి, చల్లారిపోద్ది."

తిన్నాను. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా తిన్నాను. ఆ రోజు నేను ఊరుకున్నది ఏ పిల్ల కోసమూ కాదు, నా పరువు కోసం. అది నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. ఆమె ఇప్పుడు రెండు బస్సులు మారి పక్క ఊరు ఒలిండాలో ఎవరి ఇంట్లోనో వంట చేస్తోంది. మా వీధిలో అందరూ నన్ను నిబ్బరమైన మనిషి, ఎవరి మందులో తెలిసీ సమయం చూసి నోరు కట్టేసుకున్నాడు అని మెచ్చుకుంటున్నారు. అలా చెప్పింది ఆమే. నా పిరికితనాన్ని కూడా ఆమె తన ఖాతాలోనే దాచుకుంది.