వనపర్తిలో ఉండిపోయిన పది ముక్కలు

మొన్న మా అన్న మనవరాలు చేతిలోని ఫోనుతోనే ఎక్కడో ఉన్న కంప్యూటర్లకు ఏదో లెక్క పంపి, నేను టీ తాగేలోపే జవాబు తెప్పించుకుంది. చలికాలం కాకపోయినా, సరిగ్గా అతుక్కోని నా ఎడమ మణికట్టు సలిపింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను వనపర్తిలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబు చూసుకునేవాణ్ణి. సెలవుకు గద్వాల వచ్చినా ఊరుకోక, ఇంట్లోని నా కంప్యూటర్ నుంచి టెలిఫోను తీగ గుండా ఆ ల్యాబులోని పది యంత్రాలకు ఒకే పనిని పది ముక్కలుగా పంచి పంపేవాణ్ణి. అవి ఒకేసారి చేసి పెట్టుకునేవి. మనం అడిగితేనే జవాబు వస్తుంది, లేకపోతే అక్కడే పడి ఉంటుంది. అదొక పిచ్చి నాకు.

మా అన్న మా వీధిలోని మగ్గాలన్నింటికీ చీర అంచుల డిజైన్లు గళ్ల కాగితం మీద చేత్తో గీసి ఇచ్చేవాడు. ఒక్కో అంచుకు నెల పట్టేది, ఆ పనే మా ఇంటికి కూడు. ఆయన్ను ఒక్క మాట అడగకుండా ఆయన పాత కాగితాలే కంప్యూటర్‌కెక్కించి, వాటిలోంచి కొత్త అంచులు పుట్టించమని వనపర్తికి పంపాను. మేలు చేస్తున్నాననే అనుకున్నాను, బుద్ధిలేనివాణ్ణి.

వదిన నోట విని అన్న మగ్గం కర్రతో వచ్చాడు. మొదటి దెబ్బకు తెర, రెండో దెబ్బకు డబ్బా పగిలాయి. మూడో దెబ్బకు, అడ్డం పెట్టిన నా చేతి ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. కింద పడి కూడా నోరు మూసుకోక, నీ పని ఈ డబ్బాలో లేదన్నాను. అన్న నా గొంతు మీద మోకాలు పెట్టాడు.

"మరి ఏడున్నదిరా? నా చేతులు నరికి ఏడికి పంపినవ్?"

చెప్పలేదు. చెబితే కర్ర పట్టుకుని వనపర్తి దాకా పోయేవాడే. వదిన ఆయన జుట్టు పట్టి వెనక్కి లాగితే గాని వదల్లేదు. ఆ తర్వాత తానే ఏడుస్తూ నన్ను ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాడు.

నెల తర్వాత ల్యాబుకు వెళ్తే, పది యంత్రాలూ నా చేయి విరిగిన రోజే పని ముగించి జవాబులు పట్టుకుని ఉన్నాయి. నేను అడగలేదు, చూడకుండానే చెరిపేశాను. అయినా ఏం లాభం, అయిదారేళ్లలో ఊరి అంచులన్నీ ఎవరెవరి కంప్యూటర్లలోనో తయారై రాసాగాయి, అన్న గళ్ల కాగితాలు అటక ఎక్కాయి.

చేయి ఎలా ఉందిరా అని ఆయన ఎన్నడూ అడగలేదు, తప్పయింది అన్నా అని నేనూ అనలేదు. ఇప్పుడు జవాబులు క్షణంలో వస్తున్నాయి, అన్న పోయి మూడేళ్లయింది.