తలుపు చాటు పాఠం

మా మామగారికి ఇంగ్లీషు నేర్పింది నేను. ఎదురుగా కూర్చుని కాదు, తలుపు వెనక నిలబడి. మా ఇళ్లలో కోడలు మామ ఎదుటికి వచ్చేది కాదు.

ఆయన సంగారెడ్డి సర్కారు కచేరీలో రాతకోతల మున్షీ. తెలుగు మాట్లాడటమే గానీ రాయడం రాదు, రాతంతా ఉర్దూలోనే. నిజాం సర్కారు పోయాక కాగితాలు ఇంగ్లీషులోకి మారాయి. పరీక్ష పాసైతేనే నౌకరీ ఉంటుందన్నారు. పెళ్లికి ముందు పట్నంలో తొమ్మిదో తరగతి దాకా చదివిన పాపానికి ఆ భారం నా మీద పడింది.

నేను పలక మీద మాట రాసి అత్తమ్మ చేతికిచ్చేదాన్ని. ఆయన దాని కింద దించి పంపేవారు. అచ్చు గుద్దినట్టుండేది. నా రాతే కోడి గీకినట్టుండేది. ఇంత మంచి శిష్యుడు దొరికాడని మురిసిపోయేదాన్ని.

ఆయన్ను పీడించినవి జంట మాటలు. డ్రాఫ్ట్ ఒకలా రాస్తే ముసాయిదా, ఇంకోలా రాస్తే సందులోంచి కొట్టే గాలి. జైలుకు పాత ఇంగ్లీషు పుస్తకాల్లో ఒక రాత, కొత్త వాటిలో ఒక రాత, మనిషిని పెట్టేది మాత్రం ఆ కొట్లోనే. ఎంక్వయిరీ 'ఈ'తో మొదలైతే ఊరికే అడగడం, 'ఐ'తో అయితే సర్కారు విచారణ.

“ఒక్క మాటకు రెండు వేషాలేంది? ఎందుకట్ల, అడుగు,” అని అత్తమ్మతో అడిగించేవారు. నాకు మాత్రం ఏం తెలుసు? పుస్తకంలో అలాగే ఉందని చెప్పించేదాన్ని. పాపం, అన్నీ కంఠతా పట్టారు.

పరీక్ష ముందురోజు పొద్దున, ఎన్నడూ లేనిది తలుపు సందులోంచి చూశాను. ఆయన పలక కుడి అంచున మొదలుపెట్టారు. మాటలోని చివరి అక్షరం ముందు రాశారు. ఉర్దూ రాసినట్టే ఎడమకు జరుగుతూ వచ్చి, మొదటి అక్షరం ఆఖరున పెట్టారు. పూర్తయ్యాక చూస్తే ఒక్క తప్పు లేదు. ఎటు నుంచి రాయాలో చెప్పాలన్న సంగతే నాకు ఇన్నాళ్లూ తోచలేదు. రేపు పరీక్షలో కచేరీ సాబు గబగబా చదువుతుంటే విని రాయాలి; ఇలా చివరి అక్షరం నుంచి రాస్తే అందుకోలేరు.

అత్తమ్మను పక్కకు పిలిచి చెప్పాను.

“ఇగ రేపే పరీక్షనాయె, గిప్పుడేం మారుస్తడు? చెప్తే పరేషాన్ అయితడు. చాటుంగ సూసినవని తెలిస్తే నువ్వు ఇంట్ల ఎట్ల తిరుగుతవ్?” అంది.

ఎప్పటిలాగే పలక మీద ఇంకో మాట రాసి పంపాను.

మర్నాడు సాయంత్రం ఆయన వచ్చి చెప్పులతోనే గడప మీద కూలబడ్డారు. సాబు చదవడం ముగించేసరికి తన కాగితం కుడి మూలన మూడే మాటలున్నాయట. పక్కనున్న కొత్త గుమాస్తా చూసి, ఇంగ్లీషు ఎడమ నుంచి రాస్తారని నవ్వాడట. నౌకరీ సంగతి ఎవరూ అడగలేదు.

అత్తమ్మను మధ్యలో పెట్టకుండా మొదటిసారి నాతో మాట్లాడారు.

“నీ తప్పేం లేదు బిడ్డా. నేను రాస్తుంటే నువ్వెన్నడు సూడకపోతివి. సూస్తే చెప్పకుందువా?”

ఆయన బతికి ఉన్నన్నాళ్లూ, చూశానని చెప్పలేకపోయాను.