మద్దిలేటి వేళ్లకు వేసిన కోడ్

1983లో దేవదానం వేసిన కోడ్ సరైనదేనని నాకు తెలుసు. అడిగినప్పుడు చెప్పలేదు.

నంద్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను రికార్డు గుమాస్తాను. క్యాజువాలిటీకి వచ్చిన ప్రతి గాయానికీ జబ్బుల, గాయాల కోడ్‌లుండే ఐసీడీ పుస్తకం చూసి ఒక నంబరు వెయ్యాలి. ఇన్సూరెన్సు కంపెనీకి పోయే బిల్లు ఆ నంబరు మీదే నడుస్తుంది. వేలికి కోత పడితే 883, వేలే తెగిపోతే 886. ఈ పని దేవదానానికి నేర్పింది నేనే. ఆళ్లగడ్డలో ఒక మిషన్ బడి టీచరు కొడుకతను.

నేను క్యాజువాలిటీ చీటీ చూసి నంబరు వేసేవాణ్ని. అతను ఆపరేషన్ థియేటర్ రిజిస్టరు చదివితేగానీ కలం పట్టేవాడు కాదు. ఆరు నెలలకే డాక్టరుగారు, "దేవదానం చూసినాడా? అయితే ఇటియ్యి, సంతకం పెడతా" అనసాగారు. పన్నెండేళ్లలో నా గురించి ఒక్కసారీ అనని మాట. అన్నం ముందు కూర్చున్నా అదే వినిపించేది.

నూనె మిల్లు కూలీ మద్దిలేటి చెయ్యి మిషన్ బెల్టులో పడింది. క్యాజువాలిటీలో హడావుడిగా 'వేళ్లకు కోత' అని రాశారు. థియేటర్లో కడిగి చూస్తే రెండు వేళ్లు తెగి తోలుకు వేలాడుతున్నాయి. రిజిస్టరులో అలాగే రాశారు. దేవదానం 886 వేశాడు. చీటీలో కోత, బిల్లులో తెగిన వేళ్లు ఉన్నాయని కంపెనీ బిల్లు తిప్పి పంపింది. సంతకం పెట్టిన డాక్టరుకు ఆ గాయం గుర్తు లేదు.

మేనేజరు మండిపడ్డాడు. "ఏందయ్యా, ఈడ కూచోని నువ్వే వేళ్లు తీసేస్తాండావా?"

"రిజిస్టర్లో చదివినా సార్. ఇప్పుడది కనపడ్డంలే, యాడికి పోతాది?" దేవదానం నా వైపు తిరిగాడు. "అన్నా, నువ్వుగాని చూసినావా?"

నెలవారీ లెక్క కోసం తెచ్చుకున్న రిజిస్టరు నా బీరువాలోనే ఉంది.

"నేను చూడలేదప్పా" అన్నాను.

బిల్లు 883కు మారింది. వేళ్లు మిషన్లోనే తెగాయనే కాగితం లేక మద్దిలేటికి పరిహారం రాలేదు. మిల్లువాళ్లు పనిలోకి రానివ్వలేదు. దేవదానం ఉద్యోగం మానేసి ఆళ్లగడ్డ ఆసుపత్రిలో ఓపీ చీటీలు రాసే పనికి కుదిరాడు. నాకు హాయిగానే ఉండింది. ఆ సంగతీ రాయాలి.

నాలుగేళ్ల తర్వాత బస్టాండులో ఉడికిన శనక్కాయలు అమ్ముతూ మద్దిలేటి కనిపించాడు. మూడు వేళ్లతో పొట్లం కట్టి ఇచ్చాడు. "ఆసుపత్రి సారు గదా? ఆ పొద్దు మీరంతా బాగా చూసుకుంటిరి." ఆ శనక్కాయలు తినలేకపోయాను.

మర్నాడు మేనేజరుకు నిజం రాసిచ్చి ఆళ్లగడ్డ బస్సెక్కాను. అంతా చెప్పి క్షమించమన్నాను. దేవదానం రాస్తున్న చీటీ పక్కన పెట్టాడు.

"నన్నడిగితే ఏమొస్తాదన్నా? వేళ్లు పోయినోడు నంద్యాలలో ఉండాడు. ఆడికి పో."

గాయం కడిగి చూసి రాసింది చదవకుండా కోడ్ వెయ్యకూడదని దేవదానం పని చూసే నేర్చుకోవలసింది. నేను అతనికి వచ్చే మెప్పునే చూశాను.

సాయంత్రానికి తిరిగొచ్చి బస్టాండులో మద్దిలేటి శనక్కాయల బండి దగ్గర నిలబడ్డాను. "మద్దిలేటీ, నీ వేళ్లు మిషన్లోనే తెగినాయని రాసిన పుస్తకం నేనే దాచిపెట్టినా. నన్ను క్షమించప్పా."

"నేను నిన్నేం చేస్తి సార్?"

"నువ్వేం చేయలే. నీ కాగితం రాసిన దేవదానం నాకంటే బాగా పని చేస్తాండె. అది ఓర్చుకోలేకపోతిని."