కంప్యూటర్ గదిలో బురద

ఇన్నేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. చాంతాడంత అబద్ధం కూడా కాదు, ఒక్క ముక్క. నా భార్యకు చెప్పలేదు. నాకు నేను కూడా సరిగ్గా చెప్పుకోలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పడం తేలిక. నా పేరు మీకు అక్కర్లేదు. తెలిసినా తిట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

మధిరలో మా ఇంటికి లెక్కలు రాసే కుర్రాళ్లు వస్తుంటారు. ఏ సాఫ్ట్‌వేర్ మంచిది సార్, ఏ ప్రింటర్ కొనమంటారు అని అడుగుతారు. ఈ చుట్టుపక్కల కంప్యూటర్ మీద లెక్కలు రాసిన మొదటివాణ్ని నేనేనట. కాలుమీద కాలేసుకుని చెబుతాను. ఇది కొనండి, అది దండగ అంటాను. వాళ్లు తలలూపుతారు. వెళ్లిపోయాక నా గొంతు తలుచుకుంటే నాకే రోత.

మొదటివాణ్ని నేను కాదు. నాగమణి.

ఎనభైల చివర్లో నేను బూర్గంపాడులో ఒక పొగాకు కంపెనీలో అకౌంట్స్ ఆఫీసర్ని. నా బల్ల అంటే నాకు గుడితో సమానం. పిడి తిప్పితే లెక్క కట్టే ఇనప మిషను, తనిఖీకి ఆకుపచ్చ సిరా పెన్ను, రూళ్లకర్ర, మూతి చుట్టూ అయస్కాంతం ఉన్న పిన్నుల డబ్బా. వాటిని ఎవరైనా ముట్టుకుంటే కసురుకునేవాణ్ని. అప్పుడే మా యజమాని హైదరాబాదులో ఎవరి ఆఫీసులోనో చూసొచ్చి ఒక కంప్యూటర్ కొన్నాడు. ఆయనకు దాన్ని వెలిగించడం కూడా రాదు. బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, దానికో ఏసీ గది కట్టించాడు. మేమంతా గాలి రాని ఫ్యాను కింద ఉడికిపోతుంటే ఆ పెట్టె మాత్రం చల్లగా కూర్చునేది. చెప్పులు గడప బయట విడిచి వెళ్లాలని హుకుం. దుమ్ము పడితే చచ్చిపోతుందట. నా మిషనుకు గోనెపట్టా చుట్టి గోడౌన్లో పడేయించాడు.

ఆ కంప్యూటర్ ముందు కూర్చోవడానికి వచ్చింది నాగమణి. భద్రాచలం అవతల అడవిలో ఊరు. ఆ ఊళ్లో ఆఫీసు ఉద్యోగం చేసిన మొదటి మనిషి. ఖమ్మంలో కంప్యూటర్ కోర్సు చేసింది. నెమ్మదైన పిల్ల. ఒకసారి నేను పిన్నుల డబ్బా చేతిలో పట్టుకుని ఆ గదిలోకి వెళితే, అందులో అయస్కాంతం ఉంది సార్, ఫ్లాపీలు పాడైతయి, దూరంగా పెట్టండి అని మర్యాదగానే చెప్పింది. నాకు చెప్పుతో కొట్టినట్టయింది. అడవిలోంచి వచ్చిన పిల్ల నా డబ్బా ఎక్కడ పెట్టాలో నాకు చెప్పడమా? అప్పటి నుంచి చెప్పులతోనే ఆ గదిలోకి వెళ్లడం మొదలుపెట్టాను, ఎవరూ చూడనప్పుడు. అదీ నా పౌరుషం.

ఆ రోజు వాన. బస్సు దిగి వస్తుంటే ఆమె హవాయి చెప్పు తెగింది. పిన్నీసు ఉందా సార్ అని నా బల్ల దగ్గరికి వస్తే, డబ్బాలోంచి తీసి ఇచ్చాను. దాన్ని చెప్పు అడుగున గుచ్చి, జతను గడప బయట పెట్టి లోపలికి వెళ్లింది. మధ్యాహ్నం ఆకు గ్రేడింగు చేసే ఆడవాళ్ల దగ్గర కూర్చుని అన్నం తినడానికి వెళ్లింది. నేను లేచాను. చెప్పులతోనే లోపలికి నడిచాను. ఆ కంప్యూటర్ తన లోపల ఏదీ దాచుకునేది కాదు, ఉన్నదంతా ఫ్లాపీల్లోనే. అసలు, నకలు రెండూ ఒకే పెట్టెలో ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి, దాని మీద నా డబ్బా మూతి రుద్దాను. కోపంలో చేశానా అంటే కాదు. హాయిగా, నిదానంగా చేశాను.

ఆమె వచ్చి చూస్తే ఒక్క ఫ్లాపీ కూడా తెరుచుకోలేదు. నేల మీద బురద అడుగులు. తుడుద్దామని గుడ్డ తడిపి తెచ్చేలోపే యజమాని వచ్చాడు. బురద చూశాడు, ఆమె చేతిలో తడిగుడ్డ చూశాడు. ఆయన బుర్రకు అంతకంటే ఏం కావాలి? చెప్పులతో వచ్చి, దుమ్మూ ధూళీ పోసి లక్షల సరుకు నాశనం చేసిందని గోడౌన్ దాకా వినపడేట్టు అరిచాడు. అడవి బుద్ధులు అన్నాడు. పది మందిమి చేరాం. ఆమె ఎవరి వైపూ చూడలేదు, నా వైపు తిరిగింది.

"సార్, పొద్దుగాల నా చెప్పుకు మీరే పిన్నీసు ఇచ్చిండ్రు గదా. నా చెప్పులు గడప బయటనే ఉన్నయి. జర చెప్పండి సార్."

తల తిప్పితే కనపడతాయి. నేనిచ్చిన పిన్నీసుతో సహా.

"నేను లెక్కల్లో ఉన్నానమ్మా. చూడలేదు," అన్నాను.

ఆమె గడప దాటింది. ఆ చెప్పులే వేసుకుని వానలో వెళ్లిపోయింది.

గోడౌన్లోంచి నా మిషను తిరిగొచ్చింది. పోయిన లెక్కలన్నీ కాగితాల్లోంచి తీసి మళ్లీ కట్టాను. యజమాని నలుగురిలో నా భుజం తట్టాడు. సిగ్గు లేకుండా తట్టించుకున్నాను. నాగమణి మళ్లీ అడవిలో బీడీలు చుట్టే తునికాకు కోతకు పోతోందని తర్వాతి ఎండాకాలంలో మా అటెండర్ చెప్పాడు. అలాగా అని టీ తాగాను. ఇంకో ఏడాదికి కొత్త కంప్యూటర్ వచ్చింది, నన్నే కూర్చోమన్నారు. కూర్చున్నాను. నేర్చుకున్నాను. చెప్పడానికి నోరు రావడం లేదు గానీ, నచ్చింది కూడా. ఇనప మిషను ఏ తుక్కులోకి పోయిందో అడిగిన పాపాన పోలేదు.

మరి దేనికోసం చేసినట్టు? మిషను మీద ప్రేమ అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. ఆ కుర్చీలో యజమాని మేనల్లుడు ఉంటే నా డబ్బా బల్ల దాటేదా? దాటేది కాదు. వెనకేసుకొచ్చేవాళ్లు లేని మనిషి మీదే నా పౌరుషమంతా లేచింది. యజమానిని బుర్ర లేనివాడని ఇప్పటికీ తిడతాను. ఆయనకు నిజం తెలియదు. నాకు తెలుసు. అంటే ఎవరు నీచుడు?

ఆమె ఊరు ఎక్కడో తెలుసు. బస్సు ఉంది. వెళ్లలేదు, వెళతానని కూడా అనను. నా మాట మీద నాకే నమ్మకం లేదు. క్షమించమని మిమ్మల్ని అడగడం అర్థం లేని పని, మీ చెప్పులు కావు కదా అవి. ఆ రోజు చెప్పాల్సిన జవాబు మాత్రం ఇక్కడ చెప్పేస్తాను.

చూశాను. నాగమణి చెప్పులు గడప బయటే ఉన్నాయి. లోపలి బురద నాది.