లండన్ బాబాయి రెండు తలుపుల కారు

ఆ రోజుల్లో బరంపురంలో పెళ్ళికొడుకు ఎక్కే కారంటే తెల్ల అంబాసిడరే. దానికి నాలుగు బంతిపూల దండలు వేలాడేసి, అద్దం మీద వధూవరుల పేర్లు అంటిస్తే అదే రథం, అదే ఐరావతం. పెళ్ళికొడుకు, తోడు పెళ్ళికొడుకు, మేనమామ, ఇద్దరు ముసలమ్మలు, వాళ్ళ ఒళ్ళో పిల్లలు, అందరూ అందులోనే పట్టేవారు. పట్టని వాళ్ళు అలిగేవారు, అలకలు తీర్చడానికి బస్సు ఉండేది. ఇంత చక్కని ఏర్పాటు ఉండగా దాన్ని కాదని ఇంగ్లండు కారెక్కి పెళ్ళికి వెళ్ళాలని నాకెందుకు బుద్ధి పుట్టిందో! పాతికేళ్ళ వయసులో కోరిక ముందు పరిగెడుతుంది, బుద్ధి చెప్పులు వెతుక్కుని వెనకాల తాపీగా వస్తుంది. నా విషయంలో అది ఇంకా ఇల్లు కదల్లేదు.

కారణం లేకపోలేదు. నేనప్పుడు ఊళ్ళో ఒక పట్టుచీరల దుకాణంలో కొత్తగా చేరిన గుమాస్తాని. పెళ్ళిచూపులకి గిరిసోల అవతల ఒక పల్లెకి వెళ్ళాం. అమ్మాయి బీయెడ్ చదివింది, బళ్ళో పాఠాలు చెబుతోంది, అంతకుముందు వచ్చిన రెండు సంబంధాలూ ఆవిడే వద్దందని దారిలోనే నా చెవిన వేశారు. అసలే బెదిరి ఉన్నానేమో, చేతికిచ్చిన టీ వేడి చూసుకోకుండా గుక్కెడు మింగేశాను. సరిగ్గా నా కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నప్పుడు ఆవిడ తలెత్తి నన్ను చూసింది. (మళ్ళీ చూడలేదు. చూడాల్సినంతా చూసేసినట్టుంది.) ఎలాగో ఒప్పుకున్నారు గాని, టీ తాగి ఏడ్చినవాడన్న ముద్ర ఆవిడ మనసులో పడిపోయిందని నాకు ఒకటే దిగులు. పెళ్ళినాడు నన్ను చూసి ఆవిడకి కళ్ళు చెదరాలి. ఆ పని తెల్ల అంబాసిడరు వల్ల కాదనిపించింది.

మా వీధిలో అంబాసిడరు కాని కారు ఒక్కటే ఉండేది, లండన్ బాబాయిది. ఆయన మా నాన్నకి వరసకి తమ్ముడు. లండన్ ఎన్నడూ వెళ్ళలేదు. కలకత్తాలో ఒక సేఠ్ దగ్గర చాలా ఏళ్ళు మేనేజరుగా చేస్తే, రిటైరైన రోజున శాలువా కప్పుతారనుకుని మెడ వంచాడట. సేఠ్‌గారు శాలువాకి బదులు తను వాడి వదిలేసిన కారు తాళాలు చేతిలో పెట్టాడు. తొంభైల్లో ఇంగ్లండులో తయారైన బండి అది. ముదురాకుపచ్చ రంగు, లోపల తోలు సీట్లు, అద్దంలా మెరిసే చెక్క, నడినెత్తిన మీట నొక్కితే జరిగే గాజుపలక. బోనెట్టు ఎంత పొడవంటే, కారు ముందు వీధి మలుపు తిరిగేది, బాబాయి ఆ తర్వాత తిరిగేవాడు. దొరలు ఇద్దరిద్దరు కూర్చుని హాయిగా దేశాలు దాటి పోవడానికి చేసిన బండట. మా బాబాయి దాన్ని ఆదివారం ఆదివారం గోపాలపూర్ తీసుకెళ్ళి, సముద్రం చూపించి, వెనక్కి తెచ్చి గుడ్డ కప్పేసేవాడు. తలుపులు రెండే. ఒక్కో తలుపూ మా ఇంటి వీధి తలుపంత పొడుగు.

నేను నసుగుతూ అడిగితే బాబాయి పొంగిపోయాడు. “నీ పెళ్ళికి కాకపోతే మరెవుడి పెళ్ళికిరా? నానే తోల్తాను. గాని ఒక్క మాట, బోనెట్టు మీద ఎవుడి సెయ్యీ పడకూడదు. పువ్వుల దండ కూడా పడకూడదు. ఆ పెయింటు ఇంగ్లండు పెయింటు!” అన్నాడు. సరేనన్నాను.

పెళ్ళినాడు పొద్దున్నే మొదటి చిక్కు మా నాయనమ్మ. పెళ్ళికొడుకు పక్కన తను ఉండి తీరాలంది. వెనక సీటుకి తలుపు లేదు కాబట్టి ముందు సీటు మడిచి, ఆవిణ్ణి కాస్త వంచి, కాస్త తోసి, గాదెలోకి బస్తా దింపినట్టు దింపాం. “ఇదేటిరా, ఎనక కూకున్నోళ్ళకి తలుపు నేదు? దొరలకి ముసిలోళ్ళుండరేటి?” అంది లోపల్నుంచి. తర్వాత నేను ముందు కూర్చోగానే వీపు మీద వేలితో పొడిచి శాసనం వినిపించింది. “హారతిచ్చి బండెక్కించినాం. ఆడపెళ్ళోరు కాళ్ళు కడిగినదాకా నువ్వు నేల తొక్కకూడదు. మీ తాత మాట ఇనకుండా తొక్కీసినాడు, బతుకంతా నా నోట్లో పడ్డాడు.” ఇంతకంటే గట్టి ప్రమాణం నేనెక్కడా వినలేదు. కాళ్ళు సీటు మీదికి లాక్కుని కూర్చున్నాను.

వెళ్ళేటప్పుడు నా దర్జా చూడాల్సిందే. కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబులు ఎవరో మంత్రిగారనుకుని ఒరియాలో “నమస్కార ఆజ్ఞా!” అని సెల్యూట్ కొట్టాడు. నేను తలపాగా సర్దుకుని చెయ్యి ఊపాను. కానీ ఆ కారు పొట్ట నేలకి జానెడు ఎత్తు. ప్రతి గతుకు దగ్గరా పొట్ట కింద గీసుకున్న చప్పుడు, బాబాయి గుండె పట్టుకుని “అమ్మా!” అనడం, దిగి వంగి చూడడం. వెనకాల బస్సులో బంధువులు మమ్మల్ని దాటి వెళ్ళిపోయి, భోజనాల పందిట్లో టిఫిన్లు కూడా ముగించారని తర్వాత తెలిసింది. మేం పల్లె చేరేసరికి ముహూర్తానికి అరగంట కూడా లేదు. ఆ ముహూర్తం దాటితే మర్నాటి నుంచి మూఢం, మళ్ళీ మూడు నెలల దాకా పెళ్ళిళ్ళు లేవు. మూడు నెలలు ఆలోచించుకునే వ్యవధి దొరికితే టీచరమ్మ మనసు మార్చుకోదన్న నమ్మకం నాకు లేదు.

పెళ్ళివారి ఇల్లు ఒక సందు చివర. సందుకి రెండు వైపులా నడుమెత్తు ప్రహరీ గోడలు. సందు మొదట్లో మా మామగారు ఎదురొచ్చి, “బాబూ, ఇక్కడే దిగిపోండి, కాళ్ళు ఇక్కడే కడుగుతాం, బండి లోనికి పట్టదు” అని బతిమాలారు. బాబాయికి అది కారుకి జరిగిన అవమానంగా తోచింది. “పట్టకపోడమేటి? గుమ్మం కాడికే తీసుకెల్తాను” అని తోలేశాడు. పట్టింది. అగ్గిపెట్టెలో పుల్లలా కచ్చితంగా పట్టింది. బోనెట్టు వెళ్ళి పందిరి ముందు ఆగింది. బాబాయి గర్వంగా తలుపు తోశాడు. తలుపు బెత్తెడు తెరుచుకుని గోడకి కొట్టుకుంది. నా వైపు తోశాను. అదీ అంతే. కిటికీ అద్దాలు ఏనాటినుంచో సగానికి మించి దిగవు. అంబాసిడరు తలుపైతే ఆ సందులోంచి పక్కకి జారి ఎలాగో దిగేవాళ్ళం, ఈ తలుపు తెరవాలంటే పక్కింటి పెరడు కూడా కావాలి.

“ఎనక్కి తియ్యరా” అంది నాయనమ్మ. వెనక, మా వెంటే సందులో దూరిన బ్యాండు మేళం వాళ్ళ మైకు బండి, దాని చక్రం కాలవలో దిగబడి ఉంది. ముందుకి తీద్దామంటే పందిరి రాట. ఈలోగా ఎండకి, నిలిచిపోయిన కోపానికి కారు బుస్సుమని ఆవిరి వదిలి ఆగిపోయింది. ఎవరో బిందెలతో నీళ్ళు తెచ్చి బోనెట్టు మీద కుమ్మరించారు. లోపల ముగ్గురం ఉడుకుతున్నాం. బయట సన్నాయి ఆగకుండా మోగుతోంది. నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఆవిడ నన్ను రెండోసారి చూడబోతోంది, ఈసారీ కళ్ళనీళ్ళతోనే.

అప్పుడు బాబాయికి నెత్తిమీది గాజుపలక గుర్తొచ్చింది. మీట నొక్కాడు. బరంపురం ఎండలో దాన్ని ఏనాడూ తెరిచిన పాపాన పోలేదేమో, కిర్రుమని సగం జరిగి ఆగిపోయింది. “ఎల్రా, పైకి ఎల్లు, నేల తొక్కినట్టు కూడా అవ్వదు” అని నాయనమ్మ వెనకనుంచి ఎగదోసింది. సీటు మీద నిలబడి తల పెట్టాను, భుజాలు పెట్టాను, పొట్ట దాకా బయటికొచ్చాను. అక్కడ పట్టుపంచె కుచ్చిళ్ళు, నడుముకి చుట్టిన కండువా, అందులో ముడేసిన ఎండు కొబ్బరికాయ కలిసి ఇరుక్కున్నాయి. పైకీ రాను, కిందికీ పోను. (అప్పుడు నా నడుము ఇప్పటి నడుములో సగం. తప్పు పూర్తిగా కొబ్బరికాయదే.) ఊరంతా గోడలెక్కి నన్ను చూస్తోంది. తలపాగా పెట్టుకుని, కారులోంచి మొలిచిన పెళ్ళికొడుకుని వాళ్ళెన్నడూ చూసి ఉండరు.

పురోహితుడు పందిట్లోంచి గడియారం చూపిస్తూ పరిగెత్తుకొచ్చాడు. “నాయనా, లగ్నం వచ్చేసింది! జీలకర్ర బెల్లం పడకపోతే ఈ లగ్నం పోయినట్టే.” అందరూ తలో మాటా అంటున్నారు. గోడ పగలగొట్టమని ఒకరు, కారు పగలగొట్టమని ఒకరు. బాబాయి కిందనుంచి గోడకే ఓటేశాడు. అంతలో పెళ్ళికూతురి మేనమామ, బస్తాలు మోసి రాటుదేలిన మనిషి, గట్టిగా అన్నాడు: “పెళ్ళికొడుకు పందిట్లోకి రానేకపోతే పందిరే ఆడి కాడికి ఎల్తాది. మా పిల్లని ఎలాగూ బుట్టలోనే తేవాల. పందిట్లో దించితే ఏటి, కారు మీద దించితే ఏటి?”

ఆ మాటతోనే ఆయన లోపలికి వెళ్ళి, మేనకోడల్ని బుట్టలో కూర్చోబెట్టి, నెత్తిన పెట్టుకుని వచ్చేశాడు. తడిసిన బోనెట్టు మీద గోనెలు పరిచారు. గోనెల మీద బుట్ట దిగింది. కింద అద్దంలోంచి బుట్ట అడుగు చూసి బాబాయి “పెయింటు! ఇంగ్లండు పెయింటు!” అని కేక పెట్టాడు. “నోర్ముయ్యి, మాలచ్చిమి కూకుంది” అని నాయనమ్మ ఆయన నెత్తిన ఒకటి వేసిన చప్పుడు నాకు పైకి వినిపించింది. చెరో గోడ మీదా ఒకడు నిలబడి మధ్య తెర పట్టారు. పురోహితుడు కూడా గోడెక్కి, ఒక చేత్తో మునగచెట్టు కొమ్మ పట్టుకుని మంత్రాలు అందుకున్నాడు. నేను ముందుకి వాలాను. తెర పైనుంచి గోరింటాకు చెయ్యి ఒకటి తడుముకుంటూ వచ్చి నా తలపాగా పక్కకి నెట్టి, జీలకర్ర బెల్లం ముద్ద నా నెత్తిన అదిమింది. నేనూ అటు అదిమాను. “మాంగల్యం తర్వాత చూసుకుందాం, లగ్నం దక్కింది!” అని పురోహితుడు కొమ్మ వదిలేసి చప్పట్లు కొట్టబోయి, ఎవరో పట్టుకుంటే బతికాడు.

తెర దించారు. బుట్టలో మోకాళ్ళ మీద నిలబడి ఆవిడ నన్ను చూసింది. కారు పైకప్పు మీద సగం మనిషి, ముక్కు మీదికి కారుతున్న బెల్లం, చెవి మీదికి జారిన తలపాగా. కళ్ళు చెదరడానికి ఇంతకంటే ఏం కావాలి? పెదవి బిగించుకుని ఆపుకోవాలని చూసింది. ఆగలేదు. బుట్ట ఊగిపోయేలా నవ్వింది. నాకు సిగ్గేసింది, ఆ వెంటనే మహా సంతోషం వేసింది. ఇంతలా నవ్వే మనిషి మనసు మార్చుకోదని నాకప్పుడే ధైర్యం వచ్చింది.

ఆ తర్వాత కొబ్బరినూనె పోసి నన్ను బయటికి లాగారు. మామగారు బోనెట్టు మీదే నా కాళ్ళు కడిగారు. తాళి మామూలుగా పందిట్లోనే కట్టాను. బోనెట్టు మీద బుట్ట దిగిన చోట చిన్న సొట్ట పడింది. దాన్ని బాగుచేయిస్తానని ఎంత చెప్పినా బాబాయి ఒప్పుకోలేదు. ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ “ఇదిగో, మా కోడలు కూకున్న సోటు” అని చూపించేవాడు. ఆయన పోయాక కారుని ఆయన కొడుకు ఎవరికో ఇచ్చేశాడు. నాయనమ్మా లేదు, బుట్ట మోసిన మేనమామా లేడు.

మొన్న సాయంత్రం మేమిద్దరం గోపాలపూర్ వెళ్ళాం. ఒడ్డున అలాంటిదే, కొత్త రకం రెండు తలుపుల కారు ఒకటి ఆగి ఉంది. పక్కన ఒక కుర్రజంట ఫొటోలు తీసుకుంటున్నారు. మా ఆవిడ చాలాసేపు ఆ కారు పైకప్పు వైపే చూసింది.

“ఇప్పుడైతే మీరు అందులోంచి రాగలరేటి?” అంది.

“నా వల్ల కాదే. భుజాలే పట్టవు.”

“అయితే నానెక్కుతాను. ఈపాలి మీరు బుట్టలో కూకోండి.”

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వు ఆగాక, నా బుట్ట ఎవరు మోస్తారని అడగబోయి ఊరుకున్నాను. ఆవిడ అప్పటికే నా చెయ్యి పట్టుకుని, ఇసకలో పడతానేమోనని, మెట్ల దాకా నన్ను నడిపిస్తోంది.