తాయెత్తులో కుట్టిన కార్డు

అరవై రెండేళ్ల బతుకులో ఉల్కన్ ఆపా భయపడింది రెండింటికే. ఒకటి వసంతంలో పొంగే ఏరు, రెండోది అత్తగారు. ఏటి మీద వంతెన వచ్చింది, అత్తగారు పోయింది. ఇప్పుడు మూడోది ఓష్ విమానాశ్రయంలో ఎదురుగా నిలబడింది, లోహాల్ని పసిగట్టే తనిఖీ గుమ్మం.

నలభై ఏళ్లు గొర్రె ఉన్ని తొక్కి తివాచీలు కుట్టిన మనిషి. ఈ శీతాకాలం ఆ ఉన్ని మీదే కళ్లు తిరిగి పడిపోతే, ఎడమ భుజం కింద గుండెని నడిపించే పేస్‌మేకర్ పెట్టారు. స్నానం చేసేటప్పుడు కూడా ఆపా ఆ చోటు తాకదు. డాక్టరు ఒక కార్డిచ్చి, "ఆ గుమ్మంలోంచి వెళ్లకు, ఇది చూపిస్తే చేత్తో తడిమి పంపిస్తారు" అన్నాడు. పొరుగింటి సబీరా ఆ మాటకి ఉప్పూకారం చల్లింది: "గుమ్మం దాటావో, నీ యంత్రం టక్కున ఆగిపోతుంది!"

ప్రాణం నిలబెట్టే కాగితాన్ని ఎక్కడ దాచుకోవాలి? ముల్లా రాసిచ్చిన దుఆ, ఆ ప్రార్థన కాగితంతో కలిపి తోలు తాయెత్తులో పెట్టి, మైనపు దారంతో కుట్టేసి మెడలో వేసుకుంది. అంతకంటే భద్రమైన చోటు వాళ్ల ఊళ్లో ఎవరికీ తెలియదు. తాయెత్తు విప్పితే దుఆ బలం పోతుందన్న సంగతి మాత్రం కుట్టేటప్పుడు తోచలేదు.

బిష్కెక్‌లో కూతురు ఆయ్‌పెరికి పెళ్లయిన పదకొండేళ్లకి తొలి కాన్పు. కనుమ దారి మంచుతో మూసుకుపోయింది. విమానం తప్ప దిక్కులేదు.

"రండి ఆపా," అన్నాడు మీసాల తనిఖీ అతను.

"నేను రాను. లోపల యంత్రం ఉంది. కార్డు ఇందులో ఉంది."

"తీసి చూపించండి మరి."

"తాయెత్తు విప్పుతారా ఎక్కడైనా? మీ అమ్మ నీకేం నేర్పలేదా?"

"అయితే గుమ్మంలోంచే రండి."

ఆపా తాయెత్తుని గుప్పిట్లో బిగించింది. విప్పితే దేవుడి అండ పోతుంది, విప్పకపోతే గుండే ఆగుతుంది.

"ఓ ఆపా, విమానం నీ తాయెత్తు కోసం ఆగదు!" వెనక వరసలోంచి ఎవరో అరిచారు.

కత్తెర ఇమ్మంది. "ఇక్కడ కత్తెరా!" అని నవ్వాడతను. ఇక పళ్లతోనే కొరికింది. తన కుట్టు నలభై ఏళ్లయినా ఊడదని సంతలో గొప్పలు చెప్పుకునేది. ఇవాళ ఆ కుట్టునే తిట్టుకుంది. దారం తెగింది. కార్డు బయటికొచ్చింది, దానితోపాటు దుఆ కాగితం కూడా. ఆపా దాన్ని గబగబా జేబులో దోపుకుంది.

తెర వెనక తనిఖీ ఉద్యోగంలో ఉన్న నుర్జాత్ అనే పిల్ల తడమడానికి వచ్చింది. బిస్మిల్లా అనుకుంటూ చేయి చాచింది గానీ, ఎడమ భుజం దగ్గరికొచ్చేసరికి వేళ్లు వణికాయి.

"ప్రాణం నాదైతే వణుకు నీకెందుకే?"

"మా అమ్మకీ పోయినవారం ఇదే పెట్టారు ఆపా. దగ్గరికెళ్లాలంటే భయం. ఇంతవరకూ అమ్మని కౌగిలించుకోనేలేదు."

ఆపాకీ భయం పోలేదు. అయినా ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, తాను కూడా ఎన్నడూ తాకని ఆ యంత్రపు ఉబ్బు మీద పెట్టింది, దానిమీద తన చెయ్యి.



"చూడు," అంది ఆపా. "దుఆ విప్పేశాను. అయినా కొట్టుకుంటోంది."