ఊటకు తాళం పడనివ్వని కగేహా

ఇనుప గేటు అప్పటికే వచ్చి చర్చి గోడకు ఆనుకుని ఉంది. ఎర్ర రంగు ఇంకా ఆరలేదు. తెల్ల తలగుడ్డలకు ఎక్కడ అంటుకుంటుందోనని ఆడవాళ్ళు పక్కకు ఒదిగి లోపలికి పోతున్నారు. కగేహా మాత్రం దాని ముందు ఆగింది. వేలితో రుద్ది, అంటిన ఎరుపు చూసుకుని, అందరికీ వినపడేలా అంది: "సంబంధం కుదరకముందే పెళ్ళికూతురికి పారాణి పెట్టేశారే!"

నవ్వింది ఒకరిద్దరే. ఆమె కొడుకు అసావా తల తిప్పుకున్నాడు.

ఆ గేటు ఊట కోసం. చర్చి నేల దిగువన, రెండు కొండల మధ్య ఊరే నీళ్ళవి. ఈ వాలు మీద లుహ్యా తెగ వాళ్ళం, ఆ వాలు మీద నందీ తెగ వాళ్ళు. ఊట చుట్టూ రాళ్ళు పేర్చి సిమెంటు చేసింది చర్చి ఆడవాళ్ళే. ఆ రాళ్ళు మోసిన నెత్తుల్లో కగేహాది కూడా ఒకటి. నీళ్ళు మాత్రం రెండు వాలులూ తాగేవి. జనవరిలో ఎన్నికల గొడవలు మొదలయ్యాక ఆ వాలు కుర్రాళ్ళు వచ్చి అసావా ఇల్లు కాల్చారు, కగేహా ఆవును తోలుకుపోయారు. మర్నాడు ఈ వాలు కుర్రాళ్ళు వెళ్ళి అక్కడి ఇళ్ళు కాల్చి వచ్చారు. ఆ తర్వాత ఊటకు ఆవలి దారిలో ముళ్ళకంప పడింది. చర్చి మీటింగు నిర్ణయం వచ్చేదాకా అన్నారు. నిర్ణయమంటే ఇదిగో, ఈ గేటు, దానికో తాళం.

లుమదేదే మాస్టారు ఆ ఏడే క్లర్కు అయ్యాడు. ఫ్రెండ్స్ అనే మా క్రైస్తవ శాఖ చర్చిలో క్లర్కంటే పెద్దమనిషి కాదు. అందరి మాటా విని, అందరి మనసూ దేనిమీద కుదిరిందో అది రాసేవాడు, అంతే. కానీ మాస్టారికి ఉపాధ్యాయ సంఘం అలవాటు. ఆ రోజు మీటింగులో తాళం వెయ్యాలని అసావా మాట్లాడాక, ఇంకో పదిమంది మాట్లాడాక, ఆయన హుషారుగా అనేశాడు: "సరే, తాళం వెయ్యాలనేవాళ్ళు చేతులెత్తండి!"

చర్చి మొత్తం కొయ్యబారింది. డోలు వాయించే అమ్మాయి నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

కగేహా లేచింది. "మాస్టారూ, ఆ చేతులు దించమను. ఇదేమన్నా పార్లమెంటా? చేతులు లెక్కపెట్టుకునేకదా దేశం తగలబడింది!"

"తప్పయింది పెద్దమ్మా," అన్నాడు లుమదేదే, చెమట తుడుచుకుంటూ. "మరి నీ మాటేంటి?"

"నా మనసు ఒప్పుకోవడం లేదు. అది రాసుకో."

అంతే, కలం ఆగిపోయింది. ఒక్కరు ఆ మాటన్నా ఆగాల్సిందే. ముత్తాతల నాటినుంచీ అదే పద్ధతి.

"ఒక్క ముసలిది!" వెనక నుంచి ఎవరో గొణిగారు.

"ముసలిదే, కానీ చెవులు బాగానే పనిచేస్తున్నాయిరోయ్," అంది కగేహా. "యుద్ధానికి రమ్మంటే మన తాతలు కత్తి పట్టేది లేదన్నారు. దాహంతో కొట్టడం మాత్రం కొట్టడం కాదా? తాళం కూడా కత్తే."

ఆ నెలంతా ఊరు ఆమెను వదల్లేదు. సంతలో అరటిగెల దించుతుంటే, "నందీ వాళ్ళ అత్తగారొచ్చింది, చోటివ్వండి" అన్నారు. "అల్లుళ్ళెవరూ పలకరించడం లేదమ్మా, అదే నా బాధ" అని తనూ అంటించింది. ఇంట్లో సంగతి వేరు. అసావా ఆమె వంటపాకలోనే పడుకుంటున్నాడు. సంకటి, జిగురు ఆకుకూర ముందు పెడితే తింటాడు, కళ్ళెత్తడు.

"అమ్మా, కాలింది నా ఇల్లు. నీది కాదు," అన్నాడొకరోజు.

"నువ్వు నా ఇంట్లో పుట్టావు. నీది కాలితే నాది కాలినట్టే. అయినా నా మాట అదే."

"మరి ఆ కంప పీకెయ్. ఎవరాపారు?"

"మీటింగు నిర్ణయం వచ్చేదాకా అని వేసిన కంప, మీటింగే తియ్యాలి. చాటుగా పీకితే, చాటుగా కాల్చినవాడికీ నాకూ తేడా ఏముంది?"

అదీ కగేహా చిక్కు. ఏ పద్ధతి పట్టుకుని తాళం ఆపిందో, అదే పద్ధతి ఆమె చేతులూ కట్టేసింది. మీటింగులో మాట తెగనంతకాలం ముళ్ళకంపా ఉంటుంది.

ఆమెకు ఇంగ్లండు గుర్తొచ్చింది. మిషన్ ఆసుపత్రి వంటశాలలో పనిచేసే రోజుల్లో ఆడవాళ్ళ సంఘం తరఫున ఒకసారి వెళ్ళింది. అక్కడి ఫ్రెండ్స్ గుండ్రంగా కుర్చీలేసుకుని ఊరికే కూర్చున్నారు. పాస్టరు లేడు, పాట లేదు, డోలు లేదు. పక్కావిడ చెవిలో "పోయిందెవరమ్మా?" అని అడిగింది. బయటికొచ్చాక ఒకాయన, తనకు యేసు సంగతి అంత గట్టిగా తెలియదన్నాడు. కగేహా నిర్ఘాంతపోయింది. "మరి ఆదివారంపూట నిద్ర చెడగొట్టుకుని ఎందుకొచ్చావు నాయనా?" "వారంలో ఒక్క గంటైనా నా నోరు మూతపడాలని మా ఆవిడ కోరిక," అన్నాడాయన. ఊరొచ్చి ఈ కథ చెబితే జనం పడీపడీ నవ్వారు. అమెరికా నుంచి వచ్చిన ఫ్రెండ్స్ ఈ కొండకు పాస్టర్నీ పాటనీ తెచ్చారు, డోలు మనవాళ్ళు కలిపారు. అసలు ఆ ఇంగ్లండువాళ్ళూ మనమూ ఒకటేనా అన్నారు. కానీ కగేహా ఒకటి చూసింది. ఆ ఊరి మీటింగులో మాటా మాటా పెరిగితే, వాళ్ళ క్లర్కు చేతులెత్తమనలేదు. కాసేపు అందర్నీ ఊరుకోమన్నాడు.

తర్వాతి మీటింగులో ఆమె మొదటే లేచింది. "మాస్టారూ, నెలంతా అరుచుకున్నాం. ఇవాళ ఊరుకుందాం."

"ఎంతసేపు పెద్దమ్మా?"

"చాలనిపించేదాకా."

ఊరుకున్నారు. ఎవరో దగ్గారు. బల్ల కిర్రుమంది. డోలమ్మాయి వేళ్ళు ఒళ్ళోనే తాళం వేసుకుంటున్నాయి. వాన మొదలై రేకుల కప్పు హోరెత్తింది, తర్వాత అదీ తగ్గింది. కగేహా కళ్ళు మూసుకోలేదు. మగవాళ్ళ బల్లల వైపు, కొడుకు వీపు వైపే చూస్తూ కూర్చుంది.

ఇక తాళం మాట ఎవరూ ఎత్తకపోవడం చూసి, చివరికి లుమదేదే మెల్లగా చదివాడు: "ఊట మన పెద్దలు ఉంచినట్టే అందరికీ తెరిచి ఉంటుంది. కంప తీసెయ్యాలి. ఇలా రాయనా? ఎవరికైనా మనసు ఒప్పకపోతే చెప్పండి."

అసావా లేచాడు.

వాడు ఒక్క మాటంటే చాలు, కలం మళ్ళీ ఆగుతుంది. కగేహాకున్న హక్కే వాడికీ ఉంది. కాలిన ఇల్లు కూడా ఉంది.

"నాకు కోపం పోలేదు," అన్నాడు అసావా. "దీనికి నేను ఒప్పుకోను. కానీ అడ్డం నిలబడను. పక్కకు తప్పుకుంటున్నాను. అట్లాగే రాయండి." కూర్చోబోయి మళ్ళీ లేచాడు. "ఆ గేటు మాత్రం నాకియ్యండి. కొత్త ఇంటికి కావాలి."

అప్పుడు నవ్వింది చర్చి. లుమదేదే రెండు మాటలూ రాశాడు.

వాన వెలిసిందో లేదో కగేహా ఊట దగ్గరికి దిగిపోయింది. కంప లాగితే ముళ్ళు చేతికి దిగాయి. వెనకే పొడవాటి కత్తితో అసావా వచ్చాడు. "జరుగు," అని కంప నరకడం మొదలుపెట్టాడు.

ఆవలి వాలు మీద పసుపు క్యానుతో ఒకావిడ నిలబడిపోయింది. తాప్లెలెయ్, ఒకప్పుడు ఈ ఊరికి పాలు పోసిన మనిషి.

"తాళం వేస్తున్నారటగా?" అని అక్కడినుంచే అరిచింది.

"వెయ్యలేదు. రా!"

"ఆ కత్తి?"

"కంపకే. వీడు నా కొడుకు. మీవాళ్ళు వీడి ఇల్లే కాల్చారు. కోపంగానే ఉన్నాడులే, నువ్వు నీళ్ళు పట్టుకో."

తాప్లెలెయ్ అడుగులో అడుగేసుకుంటూ వచ్చి, క్యాను ధార కింద పెట్టింది. నిండేదాకా తలెత్తలేదు. నిండాక నెమ్మదిగా అంది: "అక్కా, నీ ఆవు... బతికే ఉంది. ఈనింది."

కగేహా ముళ్ళు గుచ్చుకున్న వేలు నోట్లోంచి తీసింది. "అయితే దానికీ దాహమవుతుంది కదా. ఇటే తోలుకురా."

అసావా కత్తి ఒక్క క్షణం ఆగింది. కంప ఇంకా సగం మిగిలే ఉంది. మళ్ళీ నరకడం మొదలుపెట్టాడు.